సర్కారు సొమ్ముతో పేద పిల్లలకు వేసవి ఉద్యోగాలు: ఎవరు చూస్తున్నారు, ఏం చూస్తున్నారు? (తరచుగా అడిగే ప్రశ్నలు)

అమెరికాలోని పెద్ద నగరాల్లో జూలై వచ్చిందంటే వేలమంది పేద పిల్లలు జీవితంలో మొదటిసారి జీతానికి పనిచేస్తారు. ఆ జీతం చాలావరకు ప్రభుత్వ సొమ్ము. పని చూపించేది ఒకరు, హాజరు వేసేది ఇంకొకరు, డబ్బు జమచేసేది మరొకరు. ఇన్ని చేతులు మారే సొమ్ము మీద నిఘా ఎలా ఉంటుంది, ఎక్కడ జారిపోతుంది అని అడిగేవారికి ఇక్కడ జవాబులున్నాయి. అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు పనికొచ్చే రెండు మూడు ప్రశ్నలు కూడా కలిపాను.

ఈ పథకాల్లో అసలు ఏం జరుగుతుంది?

న్యూయార్క్ నగరం పథకాన్నే తీసుకుందాం, దేశంలో అన్నిటికంటే పెద్దది అదే. 14 నుంచి 24 ఏళ్ల వయసువాళ్లు దరఖాస్తు పెట్టుకుంటారు. ఎంపికైనవారికి ఆరు వారాలు పని. చిన్నపిల్లల వేసవి శిబిరాలు, లైబ్రరీలు, ఆస్పత్రులు, పార్కులు, ప్రభుత్వ ఆఫీసులు, చిన్నా పెద్దా కంపెనీలు, ఎక్కడైనా పడొచ్చు. 16 ఏళ్లు దాటినవారికి వారానికి 25 గంటల దాకా కనీస వేతనం లెక్కన జీతం ఇస్తారు. 14, 15 ఏళ్లవాళ్లకు ఉద్యోగం కంటే నేర్చుకోవడమే ఎక్కువ, వాళ్లకిచ్చేది జీతం కాదు, స్టైపెండ్. 2022 నుంచి ఏటా లక్షమందికి అటూ ఇటూగా ఇందులో చేరుతున్నారు. షికాగో, బోస్టన్, వాషింగ్టన్ నగరాల్లోనూ ఇలాంటివే ఉన్నాయి.

ఇది ఎప్పుడు, ఎందుకు మొదలైంది?

దేశవ్యాప్తంగా ఫెడరల్ (అంటే కేంద్ర ప్రభుత్వ) డబ్బు రావడం 1964లో మొదలైంది. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పేదరికంపై యుద్ధం ప్రకటించిన ఏడాది అది. నైబర్‌హుడ్ యూత్ కోర్ పేరుతో పిల్లలకు పనులిచ్చారు. ఆ మరుసటి ఏడాది ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్, 1967 జూలైలో న్యూఆర్క్, డెట్రాయిట్ అల్లర్లతో అట్టుడికిపోయాయి. దాంతో వేసవి వస్తుందంటేనే నగరాల మేయర్లకు టెన్షన్. కుర్రాళ్లకు ఏదో ఒక పని చెప్పి వీధుల్లోకి రాకుండా చూడాలన్నది పైకి చెప్పని లక్ష్యం.

తర్వాతి కాలపు తలనొప్పులకు వేరు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. పిల్లలు వీధిలో లేకపోతే చాలు అనుకున్నప్పుడు వాళ్లు లోపల కూర్చుని ఏం చేస్తున్నారని ఎవరూ అడగరు.

చట్టాలు మాత్రం చాలాసార్లు మారాయి. 1973లో సీటా అనే ఉద్యోగ, శిక్షణల చట్టం వచ్చి పెత్తనాన్ని వాషింగ్టన్ నుంచి రాష్ట్రాలకు, నగరాలకు, కౌంటీలకు అప్పగించింది. 1982లో దాని స్థానంలో జేటీపీఏ అనే ఉద్యోగ శిక్షణ చట్టం వచ్చింది, వేసవి పనులకు అందులో విడిగా నిధి ఉండేది. 1998 చట్టం ఆ విడి నిధిని ఎత్తేసింది. ఏడాది పొడుగునా యువతకు అందించాల్సిన సేవల్లో వేసవి పని ఒక అంశంగా మిగిలింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 2014 నాటి వియోవా (వర్క్‌ఫోర్స్ ఇన్నోవేషన్ అండ్ ఆపర్చునిటీ) చట్టం. విడి నిధి పోయాక చాలా నగరాలు సొంత ఖజానా నుంచి, రాష్ట్రాల నుంచి, దాతల నుంచి డబ్బు తెచ్చుకోవాల్సి వచ్చింది.

డబ్బు ఏ దారిలో పిల్లల చేతికి వస్తుంది?

ఫెడరల్ కార్మిక శాఖ రాష్ట్రానికి ఇస్తుంది. రాష్ట్రం ఉద్యోగ, శిక్షణ పథకాలు చూసే స్థానిక వర్క్‌ఫోర్స్ బోర్డుకు, బోర్డు ఏదో ఒక స్వచ్ఛంద సంస్థకు ఇస్తాయి. ఆ సంస్థను ప్రొవైడర్ అంటారు. ప్రొవైడర్ పిల్లలను చేర్చుకుని వర్క్‌సైట్లకు పంపుతుంది, అక్కడ సూపర్‌వైజర్ పని చెబుతాడు. న్యూయార్క్‌లో నగర నిధులు, రాష్ట్రం నుంచి వచ్చే పేద కుటుంబాల సహాయ నిధులు కూడా ఇందులో కలుస్తాయి. నిధి మారితే షరతులూ మారతాయి. ఒకే గదిలో ఒకే పని చేస్తున్న ఇద్దరు పిల్లల ఫైళ్లలో వేర్వేరు కాగితాలు ఉండటానికి కారణం ఇదే.

మరి పర్యవేక్షణ బాధ్యత ఎవరిది?

అందరిదీ. ఏదైనా తేడా వస్తే తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు అయిపోయేది కూడా అందుకే.

చట్టం ప్రకారం రాష్ట్ర గవర్నర్ తరఫు అధికారులు ప్రతి స్థానిక ప్రాంతాన్ని ఏటా స్వయంగా వెళ్లి తనిఖీ చేయాలి. స్థానిక బోర్డు తన ప్రొవైడర్లను, ప్రొవైడర్ తన వర్క్‌సైట్లను చూసుకోవాలి. వీటికి పైన కార్మిక శాఖలోని ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం ఉంటుంది, మోసాల మీద దర్యాప్తు దాని పని. అమెరికా చట్టసభ కాంగ్రెస్ తరఫున లెక్కలు చూసే జీఏఓ ఉంటుంది. మన కాగ్‌కు దగ్గరి సంస్థ అనుకోవచ్చు. ఏడాదికి నిర్ణీత మొత్తానికి మించి ఫెడరల్ సొమ్ము ఖర్చుపెట్టే సంస్థలు స్వతంత్ర ఆడిట్ కూడా చేయించుకోవాలి. ఆ పరిమితి చాలా ఏళ్లు 7.5 లక్షల డాలర్లుగా ఉండేది, ఈమధ్యే 10 లక్షలకు పెంచారు. చిన్న సంస్థలకు ఊరట దొరికింది కానీ, ఆ మేరకు ఆడిటర్ చూపు పడని సంస్థలు పెరిగాయి.

1970ల్లో ఈ పథకాల మీద అంత రభస ఎందుకు జరిగింది?

సీటా హయాంలో ఏటా లక్షలమంది పిల్లలు వేసవి పనుల్లో చేరేవారు. నిధులు విడుదలయ్యేది వేసవి ముంచుకొచ్చాక. హడావిడిగా వర్క్‌సైట్లు వెతకాలి, హడావిడిగా పిల్లలను పంపాలి. ఆ తొందరలో సైటు బాగుందా లేదా అని చూసే తీరిక ఎవరికీ ఉండేది కాదు.

1979లో జీఏఓ ఈ పథకంపై నివేదిక ఇచ్చింది. తనిఖీదారులు ఆఫీసు ఫైళ్లతో ఆగకుండా పిల్లలు పనిచేసే చోట్లకే వెళ్లారు. చాలా చోట్ల, ముఖ్యంగా నగరాల్లో, పిల్లలకు చెప్పుకోదగ్గ పని లేదు, చూసుకునే సూపర్‌వైజర్ సరిగ్గా లేడు, వచ్చినా రాకపోయినా జీతం పడుతోంది. ఆలస్యంగా రావడం, ఊరికే కూర్చోవడం, చేయని గంటలకు సంతకం పెట్టడం, ఇదే ఉద్యోగం అని ఆ పిల్లలు నేర్చుకున్నట్టయింది. పోయిన డబ్బు కంటే ఆ నేర్పిన పాఠమే పెద్ద నష్టం.

నివేదికకు ముందే, 1978లో, చట్టసభ రెండు పనులు చేసింది. సీటా చట్టాన్ని సవరించి, నిధులు అందుకునే ప్రతి స్థానిక ప్రభుత్వంలోనూ స్వతంత్ర తనిఖీ విభాగం ఉండాలని చెప్పింది. అదే ఏడాది ఇన్‌స్పెక్టర్ జనరల్ చట్టమూ వచ్చింది. ఆ స్వతంత్ర విభాగానికి జీతాలిచ్చేదీ, పైఅధికారీ మాత్రం ఆ స్థానిక ప్రభుత్వమే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనకు సామెతే ఉంది కదా. చివరికి చెడ్డపేరు మోసి మోసి సీటా పోయింది, ప్రభుత్వ ఉద్యోగాల కల్పన అనే ఆలోచనే కొత్త చట్టంలో లేకుండా పోయింది. వేసవి పనులు మాత్రం మిగిలాయి.

2008లో వాషింగ్టన్ నగరంలో ఏం జరిగింది?

దేశ రాజధానిలో ఈ పథకాన్ని 1979లో మేయర్ మారియన్ బారీ మొదలుపెట్టారు. ఆ ఊళ్లో ఒక తరం మొత్తానికి తొలి జీతం దాని నుంచే. బారీ చనిపోయాక పథకానికి ఆయన పేరే పెట్టారు.

2008లో అప్పటి మేయర్ ఏడ్రియన్ ఫెంటీ దాన్ని బాగా విస్తరించారు. అడిగిన ప్రతి పిల్లకీ పిల్లవాడికీ పని అన్నారు. ఉద్దేశం మంచిదే, దాన్ని మోసే యంత్రాంగం లేదు. హాజరు నమోదు, జీతాల చెల్లింపు కలిసిరాలేదు. కొందరికి పనిచేసినా జీతం అందలేదు, కొందరికి పనిచేయకుండానే అందింది. జనం కోపం చల్లార్చడానికి ముందు చెల్లించేయండి, లెక్కలు తర్వాత చూద్దాం అనే ధోరణి వచ్చింది. ఖర్చు బడ్జెట్టును కోట్ల డాలర్లు దాటిపోయింది. నగర కౌన్సిల్, ఆడిటర్లు ఆరా తీశారు.

దీన్ని అవినీతి కథగా చెప్పేవారున్నారు. నాకు అలా అనిపించదు. సీట్లు పెంచినవాళ్లు తనిఖీ సిబ్బందిని, పేరోల్ వ్యవస్థను ఆ దామాషాలో పెంచలేదు. వేల మందికి పథకం అని ప్రకటించేటప్పుడు చప్పట్లు పడతాయి, హాజరు సాఫ్ట్‌వేర్ కొంటున్నామని చెబితే ఎవరు కొడతారు?

దొంగ టైమ్‌షీట్‌ను ఎలా పట్టుకుంటారు?

అనుభవమున్న తనిఖీదారుకు కాగితం చూడగానే కొంత తెలిసిపోతుంది. వారం మొత్తం ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ప్రతిరోజూ సరిగ్గా 9:00కి వచ్చి 2:00కి వెళ్లినట్టు రాసి ఉంటే అనుమానించాలి. నిజమైన పిల్లలు 9:07కి వస్తారు, ఒక రోజు బస్సు తప్పి 9:40కి వస్తారు, ఒక శుక్రవారం అసలు రారు. జూలై 4 జాతీయ సెలవు. ఆ రోజు కూడా అయిదు గంటలు వేసి ఉంటే ఇక వెతకక్కర్లేదు. పదిమంది పిల్లల సంతకాల్లో ఆరింటికి ఒకే గుండ్రటి అక్షరాలుంటే ఎవరో ఒకరే కూర్చుని అన్నీ పెట్టారన్నమాట.

ఇప్పుడు చాలా నగరాల్లో హాజరు ఆన్‌లైన్‌లో వేస్తున్నారు. చేతిరాత ఆధారం పోయింది గానీ కొత్త ఆధారాలు వచ్చాయి: శుక్రవారం సాయంత్రం అయిదు నిమిషాల్లో నలభైమందికి వారం మొత్తం గంటలు ఎక్కించిన లాగిన్, ఒకే బ్యాంకు ఖాతాలో పడుతున్న ముగ్గురి జీతం.

ఇవన్నీ దొంగను పట్టుకుంటాయి. పని లేకపోవడాన్ని మాత్రం పట్టుకోలేవు. పిల్ల నిజంగానే 9:07కి వచ్చి, నిజంగానే 2:00 దాకా మూల కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటే టైమ్‌షీట్ నూటికి నూరుపాళ్లు సక్రమం. దానికి మందు ఒకటే, చెప్పాపెట్టకుండా వెళ్లడం. మంగళవారం పదకొండు గంటలకు తలుపు తోసుకుని వెళ్లి, సూపర్‌వైజర్‌ను పక్కకు పంపి, పిల్లలనే అడగాలి: పొద్దున్నుంచి ఏం చేశావ్? నిన్న ఏం చేశావ్? నీకు పని చెప్పేది ఎవరు? ఈ మూడింటికి తడుముకోకుండా జవాబు వస్తే ఆ సైటు బాగున్నట్టే.

అయితే తనిఖీదారులు కాగితాల వెంటే ఎందుకు పడతారు?

శిక్ష అక్కడే ఉంది కాబట్టి. అర్హత లేని పిల్లకు ఫెడరల్ సొమ్ము జీతంగా ఇచ్చారని ఆడిట్‌లో తేలితే ఆ ఖర్చును ఒప్పుకోరు. స్థానిక సంస్థ తన సొంత, ఫెడరల్ కాని డబ్బులోంచి తిరిగి కట్టాలి. పిల్ల ఆరు వారాలు ఖాళీగా కూర్చుందని తేలితే? మందలింపు లేఖ, వివరణ, మహా అయితే వచ్చే ఏడాది ఆ సైటు రద్దు. అందుకే ప్రొవైడర్ సిబ్బంది మే, జూన్ నెలలంతా ఆదాయ రుజువులు, అడ్రసు కాగితాలు, తల్లిదండ్రుల సంతకాలు సేకరించడంలో మునిగిపోతారు. సైటు చూడటానికి మిగిలేది ఒక మధ్యాహ్నం.

ఈ కాగితాల భారం చిన్న సంస్థలనే ముందు తరిమేస్తుంది. పేద బస్తీలో నలుగురు మనుషులతో నడిచే సంఘానికి అకౌంటెంట్ ఉండడు. పెద్ద సంస్థకు ఉంటాడు, కానీ దానికి ఆ బస్తీ తెలియదు.

పేదలని ఎలా తేలుస్తారు?

వియోవా నిధుల విషయంలో ఆహార సహాయం లేదా నగదు సహాయం పొందే కుటుంబం, నిర్ణీత గీతకు దిగువ ఆదాయం, ఇల్లు లేకపోవడం, ప్రభుత్వ సంరక్షణలో పెరగడం, బడిలో ఉచిత లేదా రాయితీ భోజనానికి అర్హత, ఇలా చాలా దారులున్నాయి. పేదరికం ఎక్కువగా ఉన్న ప్రాంతంలో నివాసముంటే చాలనే వెసులుబాటు 2014 చట్టంలో వచ్చింది, కాగితాల గోల తగ్గించిన మంచి మార్పు అది. పేద కుటుంబాల సహాయ నిధితో న్యూయార్క్ రాష్ట్రం ఇచ్చే సీట్లకు ఆదాయం దారిద్ర్యరేఖకు రెట్టింపు లోపు ఉండాలి. నగర నిధులతో నడిచే సీట్లకు షరతులు వేరు.

లాటరీ ఎందుకు? నిజంగా అవసరమున్నవారికి ఇవ్వొచ్చు కదా?

సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువ. లాటరీ లేకపోతే సిఫారసు రాజ్యమేలుతుంది. వార్డు నాయకుడి మనవడికి మేయర్ ఆఫీసు, దిక్కులేని పిల్లకు చెత్త ఏరే పని. బంధుప్రీతిని నిషేధించే నిబంధనలు ఉన్నా, వాటిని రుజువు చేయడం కష్టం, చీటీ తీయడం సులువు. మరీ అవసరమున్న ఇల్లులేని పిల్లలు, సంరక్షణ గృహాల పిల్లలు, ప్రభుత్వ ఇళ్ల సముదాయాల్లో ఉండేవారి కోసం న్యూయార్క్‌లో వేరే కోటాలు ఉన్నాయి.

లాటరీతో ఇంకో లాభం, అది ఎవరూ అనుకుని చేసింది కాదు. సీటు వచ్చినవారినీ రానివారినీ పోల్చి పథకం నిజంగా పనిచేస్తోందా లేదా తేల్చే వీలు కలిగింది.

తేలిందేమిటి?

షికాగోలో 2012 వేసవిలో హింస ఎక్కువగా ఉన్న 13 హైస్కూళ్ల నుంచి 1,634 మంది పిల్లలతో లాటరీ పద్ధతిలో అధ్యయనం జరిగింది. పరిశోధకురాలు సారా హెల్లర్ 2014లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, సీటు దొరికినవారిలో హింసాత్మక నేరాలకు అరెస్టులు 16 నెలల్లో 43 శాతం తగ్గాయి. పని ఎనిమిది వారాలే, తగ్గుదలలో ఎక్కువ భాగం కనిపించింది ఆ వారాలు ముగిశాక.

న్యూయార్క్‌లో 2005 నుంచి 2008 వరకు లాటరీల మీద చేసిన పెద్ద అధ్యయనంలోనూ జైలుకు వెళ్లేవారు, చనిపోయేవారు తగ్గినట్టు తేలింది. తర్వాతి ఏళ్ల సంపాదనలో మాత్రం మెరుగు కనిపించలేదు, కాస్త తగ్గింది కూడా.

పర్యవేక్షణ చేసేవారికి ఇది ఇరకాటం. ఉద్యోగ పథకమని పేరు పెట్టి, తర్వాతి జీతాలతో కొలిస్తే విఫలం. పిల్లలు బతికి ఉన్నారా, జైలు బయట ఉన్నారా అని కొలిస్తే ఇంత చవకైన పథకం దొరకడం కష్టం. ఏ కొలబద్ద పెట్టుకుంటున్నామో ముందే రాసుకోకపోతే ఆడిట్ నివేదికకు అర్థం ఉండదు.

2009లో ఒక్కసారిగా డబ్బు వచ్చినప్పుడు ఏమైంది?

ఆర్థిక మాంద్యం నుంచి బయటపడేందుకు ఫిబ్రవరి 2009లో వచ్చిన రికవరీ చట్టం యువత సేవలకు 120 కోట్ల డాలర్లు కేటాయించింది. చాలా ప్రాంతాల్లో పెద్ద ఎత్తున వేసవి పథకం నడిపి పదేళ్లయింది, ఉన్నవాళ్లలో ఆ పని తెలిసినవారు తక్కువ. అయినా ఆ వేసవిలో 3 లక్షలకు పైగా యువతకు పనులు దొరికాయి. ఆ మాటకొస్తే పెద్ద కుంభకోణాలేమీ బయటికి రాలేదు. జీఏఓ పట్టుకున్న లోపం మరోరకం. పిల్లలు ఉద్యోగానికి ఎంతవరకు తయారయ్యారనేదే విజయానికి కొలమానంగా పెట్టారు, దాన్ని ఒక్కో ప్రాంతం ఒక్కోలా కొలిచింది. అన్నీ కలిపి దేశం మొత్తానికి ఒక శాతం చెబితే దానికి విలువ లేదని జీఏఓ తేల్చింది.

ప్రైవేటు కంపెనీకి ఇది ఉచిత కూలీ కాదా?

ఆ ప్రమాదం ఉంది. అందుకే పాత ఉద్యోగిని తీసేసిగానీ, అతని గంటలు కోసిగానీ ఈ పిల్లలను పెట్టుకోకూడదని చట్టంలో ఉంది. తనిఖీలో దీన్ని చాలా అరుదుగా అడుగుతారు. పక్కన పనిచేసే పాత ఉద్యోగినే అడిగితే నిజం బయటపడుతుంది.

పిల్లల భద్రత సంగతి?

వీళ్లకూ కార్మిక చట్టాలు మామూలుగానే వర్తిస్తాయి. 14, 15 ఏళ్లవారు జూన్ 1 నుంచి సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే దాకా ఉదయం 7 నుంచి రాత్రి 9 లోపే పనిచేయాలి, బడి లేని రోజున 8 గంటలు మించకూడదు. 18 లోపువారికి ప్రమాదకరమైన యంత్రాలు, పైకప్పు పనుల వంటివి నిషేధం. పార్కుల శాఖ సైట్లలో గడ్డి కోసే యంత్రాలు ఎవరి చేతిలో ఉన్నాయో చూడటం మంచి తనిఖీదారు మొదట చేసే పని.

మా అబ్బాయికి హెచ్-4 వీసా. చేరొచ్చా?

చేరకూడదు. ఇవి జీతం వచ్చే ఉద్యోగాలు, పని చేసేందుకు చట్టబద్ధ అనుమతి ఉందని రుజువు చూపాలి. హెచ్-4 మీద ఉన్న పిల్లలకు ఆ అనుమతి ఉండదు. కొందరు హెచ్-4 జీవిత భాగస్వాములకు ఇచ్చే పని అనుమతి పిల్లలకు వర్తించదు. ఎవరో వాట్సాప్ గ్రూపులో పర్లేదన్నారని చేర్పిస్తే రేపు గ్రీన్ కార్డు దగ్గర తంటా వస్తుంది. పౌరసత్వం, గ్రీన్ కార్డు ఉన్న పిల్లలకు ఈ ఇబ్బంది లేదు.

మా గుడి వర్క్‌సైట్‌గా చేరొచ్చా?

వియోవా డబ్బుతో వచ్చే పిల్లలను పూజా కార్యక్రమాలకు, ప్రార్థనా స్థలాన్ని నడిపే పనులకు వాడకూడదు. గుడి తరఫున నడిచే అన్నదాన కేంద్రం, ట్యూషన్ తరగతుల వంటి సేవల విషయం వేరు. స్థానిక ప్రొవైడర్‌ను ముందే అడిగి, పిల్లలు చేసే పనేమిటో రాతపూర్వకంగా ఒప్పందంలో పెట్టించుకోండి. ప్రసాదం ప్యాకింగ్ ఏ కోవలోకి వస్తుందని కూడా అప్పుడే అడిగేయండి.

ఏపీ, తెలంగాణ అనుభవం నుంచి అమెరికా నేర్చుకోవాల్సిందేమైనా ఉందా?

ఉంది. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆ ఏడాది నుంచే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. 2009లో అందుకోసం ప్రత్యేక సొసైటీనే ఏర్పాటుచేశారు. ఊళ్లోని చదువుకున్న యువతే శిక్షణ పొంది ఇంటింటికీ వెళ్లి మస్టర్ రోల్ పేర్లు చదివి, ఇన్ని రోజులు పనిచేశావా, ఇంత డబ్బు అందిందా అని అడుగుతారు. తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి, అధికారుల ముందే ఆ వివరాలు చదువుతారు. కాజేసిన సొమ్ము వసూళ్లు అనుకున్నంత జరగలేదన్న విమర్శ నిజమే. అయినా పనిచేసిన మనిషినే అడగాలన్న సూత్రం అందులో ఉంది.

అమెరికా వేసవి పథకాల్లో సర్వే ఫారాలు ఉంటాయి, కౌన్సిల్ విచారణలు ఉంటాయి. నలుగురి మధ్య హాజరు పట్టీ బిగ్గరగా చదివే పద్ధతి లేదు. పోయినేడు పనిచేసిన 19 ఏళ్ల పిల్లలకు శిక్షణ ఇచ్చి ఈ ఏడు సైట్ల మీదికి పంపితే, సూటు వేసుకున్న అధికారి కంటే వాళ్లకే త్వరగా నిజం తెలుస్తుంది. అది కూడా వేసవి ఉద్యోగమే కదా.

జీతం పడలేదు, లేదా సైటులో తప్పు జరుగుతోంది. ఎవరికి చెప్పాలి?

మొదట ప్రొవైడర్‌కు, రాతపూర్వకంగా. తర్వాత నగర శాఖకు. వియోవా నిధులైతే ప్రతి స్థానిక సంస్థకూ ఫిర్యాదుల విధానం ఉండాలి, 60 రోజుల్లో విచారణ పూర్తిచేసే అవకాశం కల్పించాలి. వేతనం ఎగ్గొడితే కార్మిక శాఖలోని వేతనాల విభాగం, మోసమైతే ఇన్‌స్పెక్టర్ జనరల్ హాట్‌లైన్ ఉన్నాయి. చేసిన గంటలను పిల్లలు తమ ఫోన్‌లో ఏ రోజుకారోజు ఫోటో తీసి పెట్టుకుంటే సగం గొడవ తీరిపోతుంది.

మా నగరం పథకం బాగా నడుస్తోందో లేదో బయటివాళ్లం ఎలా తెలుసుకోవాలి?

వార్షిక నివేదికలో ఎంతమందిని చేర్చుకున్నారనేది మొదటి పేజీలోనే పెద్ద అక్షరాల్లో ఉంటుంది, దాన్ని వదిలేయండి. మొత్తం సైట్లెన్ని, వాటిలో చెప్పకుండా వెళ్లి చూసినవెన్ని, వేసవి మధ్యలోనే మూయించినవెన్ని అని కౌన్సిల్ విచారణలో అడగండి. ఒక్క సైటు కూడా మూయించలేదని గర్వంగా చెబితే, ఎవరూ వెళ్లి చూడలేదని అర్థం చేసుకోవచ్చు.